బాటసారి బత్తెము

హైదరాబాదు నగరమునుండి పడమటి దిక్కుగా ముంబయి దారి పట్టిన వారికి కూకటిపల్లి, మియాపూరు, చందానగరము దాటిన పిమ్మట లింగంపల్లి తగులును. ఆ పేరు వినినంతనే ఈనాటి వారికి రైలు స్టేషను జ్ఞప్తికి వచ్చును; 2003 నుండి నడచుచున్న లోకల్ బండ్లు జ్ఞప్తికి వచ్చును; తెల్లవారగనే ఆ బండ్లు దిగి గచ్చిబౌలి, మాదాపూరు మేడలవైపు పరుగులిడు ఉద్యోగులు జ్ఞప్తికి వత్తురు. 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు ఈ ప్రాంతమునకు కంప్యూటరు పేరే పేరైనది. అయినను లింగంపల్లికి అంతకంటె పాత చుట్టరికము దారితోడిది. మచిలీపట్టణపు రేవునుండి విజయవాడ, సూర్యాపేట, హైదరాబాదుల మీదుగా జహీరాబాదు, షోలాపురములు దాటి పుణె చేరు రహదారి ఈ ఊరి ప్రక్కగనే పోవును. చిరకాలము 9వ నెంబరు జాతీయ రహదారిగా పేరొందిన ఈ బాట, 2010లో అంకెలు మార్చినపుడు 65వ నెంబరైనది.

ఈ దారిని నడచిన సేనలను గూర్చి, రాజులను గూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. ఈ దారిని బరువు మోసినవాడు ఏమి తినెనో, ఎంతకు తినెనో, తినుటకు వానికి తీరిక ఎట్లు చిక్కెనో అడిగినవారు తక్కువ. నేడు ఆ బరువు లారీ డ్రైవరు మోయుచున్నాడు. రాత్రివేళ మా ప్రసారములను వినువారిలో ఆయనయు ఒకడు. కావున ఈ ప్రసంగమున మేము ఆయన అన్నపు మూటను విప్పి చూడబూనితిమి.

మొదట ఒక మాట సంగతి. దూరప్రయాణపు డ్రైవరుకు జీతము వేరు, బత్తా వేరు. బత్తా యనగా దారిలో తిండితిప్పలకు యజమాని ఇచ్చు రొక్కము. మన నిఘంటువులలోని బత్తెము దీనికి చుట్టమే: నానాటి గ్రాసమునకై ఇచ్చునది బత్తెము. ఈ మాట ఏ భాషనుండి ఏ భాషకు నడచినదో పండితులు తేల్చుకొందురు గాక. మాకు ముఖ్యమైనది మరియొకటి. పనివానికి పూర్వము పల్లెలలో గింజలుగా కొలిచి ఇచ్చిన గ్రాసము, కాలక్రమమున నాణెముగా మారినది. గింజలిచ్చినంతకాలము వాడు వాటిని వండుకొని తినెను. నాణెమిచ్చిన పిమ్మట వానికొక క్రొత్త లెక్క పుట్టినది: తిన్నచో ఖర్చు, తిననిచో ఆదాయము. దారిలో మిగిలిన ప్రతి రూపాయి ఇంటికి చేరును. ఈ ప్రసంగమంతయు ఒకవిధముగా ఆ లెక్కను గూర్చియే.

తెలుగు దేశమున డబ్బిచ్చి దారికూడు తినుట క్రొత్త కాదు. పూటకూళ్ళ ఇండ్లు మనకు చాల పాతవి. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము కాకతీయుల ఓరుగల్లును వర్ణించు కావ్యము. అందు మంచన శర్మ, టిట్టిభ సెట్టి అను మిత్రులిద్దరు నగరమంతయు తిరుగుచు, మధ్యాహ్నమునకు పూటకూటి సంగతి మాటలాడుకొందురు. ఒక్క రూక ఇచ్చినచో ఒక బ్రాహ్మణుని ఇంట ఏమేమి వడ్డింతురో కవి చెప్పినాడు: కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమ పిండివంట, పంచదార, క్రొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. సురవరము ప్రతాపరెడ్డిగారు తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇట్టి కావ్యములనుండియే మన పూర్వుల తిండి, బట్ట, ఆటపాటల చరిత్రను ఏరి కూర్చిరి. కవి కొంత ఊరించియే ఉండవచ్చును. అయినను ఆ విస్తరిని పరికించి చూచిన, బలమునకు పప్పు, నెయ్యి, చలువకు పెరుగు, పైన పండు అన్నియు అమరియున్నవి. నేటి ఆహారశాస్త్రజ్ఞుడు అందు కొరతగా చెప్పగలిగినది ఆకుకూర ఒక్కటే కావచ్చును.

అయితే అది నగరము చేరిన బాటసారి భోగము. నగరముల నడుమ నడచువానికి ఆధారము సద్దిమూట. పెద్దల మాట సద్దిమూట యని మనవారు చెప్పినప్పుడు, పెద్దల మాటను గొప్ప చేయుటకు పోలికగా సద్దిమూటనే తెచ్చిరి. సద్ది విలువ ముందుగా ఒప్పుకొనిన పిదపనే ఆ సామెత పుట్టియుండును. తెలంగాణమున మూటలో కట్టుకొనిపోయినది జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయల కారము. ఎక్కువ దూరమునకు సత్తుపిండి, పేలాలు, అటుకులు, బెల్లము. ఈ తిండిని మెచ్చనివారును లేకపోలేదు. పలనాటికి పోయి జొన్నకూడు తప్ప మరేమియు దొరకక విసిగినట్లు శ్రీనాథుని పేర చాటువులు ప్రచారములో ఉన్నవి. రాజాస్థానములలో సన్నన్నము మరిగిన కవిసార్వభౌమునకు జొన్న రుచింపకుండుట సహజమే. ఆ చాటువులు మాత్రము మనకు మేలే చేసినవి. ఆ సీమ బాటసారికి దొరకిన కూడేదో అవి చెప్పినవి.

ఇక గోలకొండ కాలమునకు వత్తము. 1591లో హైదరాబాదు వెలసిన పిమ్మట, మచిలీపట్టణపు రేవునకును పడమటి తీరమునకును నడుమ ఈ నగరము కూడలియైనది. నేటికిని నగరమున కార్వాను అను పేట కలదు. వర్తకుల బిడారులు దిగిన చోటగుటచే దానికా పేరు వచ్చినది. ఐ.టి. మేడలకు అతి సమీపమున షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి నిలిచియున్నది. క్రింద పశువులకు కొట్టములు, పైన మనుష్యులకు గదులు, ప్రక్కన మసీదు. నేడు ఆ వీధిని కారులో పోవువారిలో ఎందరు దానిని గుర్తింతురో మేము చెప్పజాలము.

ఆ కాలమున గోలకొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, 1676లో అచ్చైన తన యాత్రాగ్రంథమున మన దారులమీది బిడారులను వర్ణించెను. పది పండ్రెండు వేల ఎద్దులు వరుసగా నడచుటయు, వానికి ఇరుకుదారిలో ఎదురుపడిన బండ్లవారు రెండు మూడు దినములు నిలిచిపోవుటయు ఆయన చెప్పినాడు. ఆ ఎద్దులను తోలినవారిని ఆయన నాలుగు తెగలుగా పేర్కొన్నాడు: ఒక తెగవారు ధాన్యము, ఒకరు బియ్యము, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మోయుదురట. వారే మన బంజారాలు, లంబాడీలు. నగరమున సంపన్నులు నివసించు బంజారాహిల్సు పేరు వారిదే.

ఈ వర్ణనలో మమ్ము ఆకర్షించినది ఎద్దుల సంఖ్య కాదు. బరువెత్తిన ఎద్దుల మంద దినమునకు ఆరేడు మైళ్ళకు మించి నడవదు. అంతకు మించి తోలినచో ఎద్దు పడిపోవును. ఎద్దు మేయవలెను, నీరు త్రావవలెను, నెమరు వేయవలెను. ఎద్దు ఆగిన ఆ తావున మనుష్యుడు మూడు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించెను. ఆలుబిడ్డలు వెంటనే ఉండిరి. గింజలు గోనెలలోనే ఉండెను. బిడారువాని భోజనము చౌక; అది వేడిగాను, వేళకును దొరకెను. ఇందులకు వాని తెలివియొక్కటే కారణము కాదు. వాని బండికి ఆకలి యుండెను. ఎద్దు ఆకలి మనిషి అన్నమునకు కాపుదలగా నిలచినది.

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు బయలుదేరి హైదరాబాదు మీదుగా ఉత్తరమునకు పోయిరి. 1838లో అచ్చైన ఆయన కాశీయాత్రచరిత్ర చదివినవారికి ఆయన చూపు తెలియును. మజిలీ చేరగనే ఆయన చూచునవి బసకు స్థలము, నీళ్ళు, అంగళ్ళలో దొరకు సామగ్రి. ఆయన మేనాలో పోయినవారే. అయినను ఆ మేనా మోయు బోయీలకు అన్నము దొరకనిదే తమ యాత్ర సాగదని ఎరిగినవారు. పనివాని కడుపును దారి లెక్కలో చేర్చుకొనుట ఆనాడు యజమానికి తప్పనిసరి. బోయీ పడిపోయినచో మేనా నిలిచిపోవును.

1874లో వాడినుండి సికిందరాబాదుకు రైలు వచ్చినది. లింగంపల్లి మీదుగా ఇనుపదారి పడినది. రైళ్ళు, చదునైన బండిబాటలు పెరిగినకొలది బంజారాల ఎద్దులకు పని తగ్గిపోయినది; ఆ కథ విషాదకరమైనది, మరియొక ప్రసంగమునకు చాలినంతది. మోటారు లారీ ఆ తరువాతిది. 1947 దేశవిభజన పిమ్మట పంజాబునుండి చెదరిన కుటుంబములు పెక్కు రవాణా వృత్తిలో ప్రవేశించినవి. 1954లో టాటావారు జర్మనీ బెంజి కంపెనీ సహకారముతో లారీలు కట్ట మొదలిడిరి. లారీలు పోయినచోటికెల్ల పంజాబీ ఢాబా పోయినది. నులకమంచము, తందూరు పొయ్యి, పెద్ద ఇత్తడి గుండిగలో పప్పు: ఇవి మన దక్కను దారులకును వచ్చినవి. గోధుమ రొట్టె ఎరుగని తెలుగు డ్రైవరు ఆ మంచములమీద కూర్చుండి దానిని నేర్చుకొనెను.

ఇచ్చట చరిత్ర ఒక చిత్రము చేసినది. 1918లో కూనూరులో రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు ఆహారలోపముల పరిశోధనకై చిన్న ప్రయోగశాల నెలకొల్పెను. దేశములోని వివిధ ప్రాంతములవారు తినునట్టి భోజనములను ఆయన ఎలుకలకు వేరువేరుగా పెట్టి పెంచి చూచెను. అన్నిటికంటె పుష్టిగా పెరిగినవి సిక్కుల భోజనము తిన్న ఎలుకలు: దంచిన గోధుమల రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరలు, అప్పుడప్పుడు మాంసము. దంపుడు పోయిన తెల్ల బియ్యము ప్రధానముగా గల బెంగాలీ, మదరాసీ భోజనములు తిన్నవి వెనుకబడినవి. ఆ ప్రయోగశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర తార్నాకలో పనిచేయుచున్నది. కూనూరులో మొదటి మార్కు పొందిన భోజనము ఢాబాగా మారి లారీల వెంట దక్షిణమునకు వచ్చెను. ఆ మార్కు వేసిన సంస్థయు దాని వెనుకనే మన ఊరికి వచ్చెను!

అయితే నేటి ఢాబా పళ్ళెము ఆ ఎలుకలు తిన్న పళ్ళెము కాదు. దంచిన గోధుమకు బదులు మైదా, వెన్నకు బదులు మరిగి మరిగిన నూనె, పాలకు బదులు పంచదార నిండిన చాయ వచ్చినవి. పచ్చికూర ఉల్లి చక్రములకు కుదించుకొనిపోయినది. పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదనిరి. దారిపక్క ఊరగాయ, వేపుడు, కారప్పొడులతో ఆ హద్దు ఒక పూటలోనే దాటవచ్చును. పదిగంటలు కదలక కూర్చుండు వృత్తివానికి ఇట్టి తిండి ఏమి చేయునో వైద్యులు చెప్పుచునే యున్నారు: నడుము చుట్టు క్రొవ్వు, రక్తపుపోటు, చక్కెరవ్యాధి.

జొన్న సంగతి వేరుగ చెప్పవలసియున్నది. లింగంపల్లి దాటి కొద్ది మైళ్ళు పోగానే పటాన్‌చెరు వద్ద అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ, ఇక్రిశాట్, కలదు. అది 1972లో ఏర్పడినది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగలు దాని ప్రధానమగు పంటలు. ఈ అయిదింటి పేర్లు చదివినచో చౌకగా దారిబత్తెము కట్టుకొనదలచినవాని జాబితా వలె లేదా? 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు ఉన్నవి. అంతే తెల్ల బియ్యములో మాంసకృత్తులు 8 గ్రాములకు లోపు, పీచు 3 గ్రాములకు లోపు. పీచు గల గింజ మెల్లగా జీర్ణమగును. ఆకలి త్వరగా వేయదు; తిన్న వెంటనే కునుకును తక్కువ. స్టీరింగు పట్టువానికి ఈ చివరిది ప్రాణముతో సమానము.

కాని జొన్నను దేవతను చేయుట మా ఉద్దేశము కాదు. 1960లో గోపాలన్, శ్రీకంఠియా అను శాస్త్రజ్ఞులు ఇదే సంస్థనుండి ఒక ముఖ్యమైన విషయము వెల్లడించిరి. దక్కనులో జొన్నయే ప్రధానముగ తిని బ్రతుకు బీదలలో పెల్లాగ్రా యను వ్యాధి కనబడుచుండెను: ఎండ తగిలిన చర్మము నల్లబడి పొలుసులు కట్టును, విరేచనములు పట్టును, మనస్సు చెదరును. జొన్నలో ల్యూసిన్ అను పదార్థము అధికముగ నుండుట దీనికి హేతువు కావచ్చునని వారు ఊహించిరి. దీనిని బట్టి తెలియునదేమన, జొన్నరొట్టె మంచిదే కాని దానిని ఒంటరిగా వదలరాదు. ప్రక్కన పప్పో, పల్లీలో, పాలో, కోడిగుడ్డో, గోంగూరయో ఉండవలెను. చౌక తిండిని పొగడువారు తరచు ఈ సంగతి మరతురు. బీదవాడు జొన్న ఒక్కటే తిన్నది రుచికొరకు కాదు, రెండవది కొనజాలక.

1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. ఆకలి తీర్చిన పథకమది, సందేహము లేదు. అయినను దానితోపాటు తెలంగాణపు పల్లెలలో జొన్నరొట్టె వెనుకకు జరిగినది. ఇదే దారిమీద జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీ స్త్రీలు 1990ల దశకమున తమ పొలములలో పండిన జొన్నలనే తమ ఊళ్ళలో చౌకగా పంచుకొను ఏర్పాటు చేసికొనిరి. ఇప్పుడు చూడుడు: సాయంకాలము లింగంపల్లి, చందానగరముల వీధిమొగలలో స్త్రీలు పెనము పెట్టుకొని జొన్నరొట్టెలు చేసి అమ్ముచుందురు. కొనువారిలో చక్కెరవ్యాధికి జడిసిన కంప్యూటరు ఉద్యోగులు ఎక్కువ. వారికి అది పథ్యము. లారీ డ్రైవరు ఆ ప్రక్కనే ప్లేటు బిర్యానీ కొనుచున్నాడు. రెండు రొట్టెలు, కూర కొనుటకును దానికిని ధరలో గొప్ప భేదము లేదు. కాని బిర్యానీతో కడుపు బరువెక్కును, తిరిగి ఎప్పుడు తినునో తెలియని వానికి అది భరోసా. రొట్టెవాడికిని బిర్యానీవాడికిని నడుమ భేదము జ్ఞానములో కాదు, రాబోవు పూటమీద వారికి గల నమ్మకములో ఉన్నది.

ప్రభుత్వమునకు ఈ సంగతి తెలియక కాదు. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టమున దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనివేళగా నిర్ణయించిరి. 5 గంటల పనికి మించకుండ కనీసము అరగంట విరామముండవలెననిరి. నూరుగురు కార్మికులు నిత్యము వచ్చిపోవుచోట క్యాంటీను ఉండవలెననిరి. ఆ విషయములను తరువాత 2020 నాటి కార్మిక సంహితలో కలిపిరి. కాని ఒకటి రెండు లారీలు గల యజమాని క్రింద, ఊరూరు తిరుగు డ్రైవరుకు నూరుగురు కూడు చోటు ఎక్కడిది? 2024 ఫిబ్రవరిలో రహదారుల వెంట డ్రైవర్లకై భోజనము, మంచినీరు, విశ్రాంతి వసతి గల 1000 భవనములు నిర్మింతుమని ప్రధానమంత్రి ప్రకటించిరి. పెట్రోలు బంకులవద్ద అపనా ఘర్ పేర అట్టి గదులు కొన్నిచోట్ల వెలసినవి. షేక్‌పేట సరాయి మరల మరియొక రూపమున వచ్చినదనవచ్చును. అందు తేడా ఒక్కటే: పాత సరాయిలో ఎద్దులకు కొట్టముండెను, అవి రాత్రియంతయు కదలవు.

నగరము చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ మార్గము వచ్చిన పిమ్మట దూరపు లారీలు లింగంపల్లి దాక రాక పటాన్‌చెరు ప్రక్కన ముత్తంగి వద్దనే తిరిగిపోవుచున్నవి. ఆ మార్గముపై ఇష్టము వచ్చినచోట బండి నిలుపరాదు. వేగమునకు అది మేలే, ప్రమాదములు తగ్గుటకును మేలే. పొయ్యి వెలిగించుకొనుటకు మాత్రము చెట్టునీడ లేదు. పూర్వము ప్రతి లారీకి క్లీనరు తోడుండెడివాడు. టైరు మార్చుట, గుడ్డ కట్టుటయే గాక, అన్నము వండుటయు ఆతని పనియే. ఖర్చు తగ్గించుటకై యజమానులు చాలచోట్ల క్లీనరును మానిపించిరి. క్లీనరు పోవుటతో లారీలో వంటయు పోయినది.

ఈ ప్రసంగమునకై మేమొకనాడు సూర్యాస్తమయవేళ ముత్తంగికి పోతిమి. అదృష్టవశమున క్లీనరు గల లారీయే కనబడినది. పక్కపెట్టెలో చిన్న గ్యాసుబండ, రెండు గిన్నెలు, ప్లాస్టికు డబ్బాలలో బియ్యము, కందిపప్పు, చింతపండు. వలసంచిలో ఉల్లిగడ్డలు, టమాటాలు. డ్రైవరుకు నలుబది దాటినవి. బత్తాలో మిగుల్చుకొనినది కూతురి కళాశాల ఫీజుకు పోవునని చెప్పెను. అందుకై కొంతకాలము రాత్రిపూట చాయ, బిస్కట్లతోనే గడిపితిననియు, ఒకనాడు కన్నులు తిరిగి బండి రోడ్డు దిగినదనియు, ఆసుపత్రిలో చక్కెర ఉన్నదని తేలినదనియు మామూలు మాటవలె చెప్పెను. అప్పటినుండి ఆయన ఉదయము నానిన శనగలు, మధ్యాహ్నము ఇంటినుండి తెచ్చిన ఎండు జొన్నరొట్టె, పల్లీల పొడి తినుచున్నాడు. కర్ణాటక సరిహద్దున పెళపెళలాడు ఈ కడక్ రొట్టె వారముల తరబడి చెడదు. దానిని తినుట బీదర్ వైపు డ్రైవర్ల వద్ద నేర్చినాడట. రాత్రి మాత్రము వేడి అన్నము, పప్పు, గుడ్డు. ఢాబాలో తినుటకంటె సగము ఖర్చున ముగ్గురు తినవచ్చునని ఆతని లెక్క. మమ్ము కూడ కూర్చుండుమనెను.

పప్పు ఉడుకుచుండగనే ఫోను మ్రోగినది. సరకు ఎంతవరకు వచ్చినదని షోలాపురమునుండి అడుగుచుండిరి. లారీలో అమర్చిన యంత్రము బండి ఆగిన సంగతి అక్కడివారికి అప్పుడే తెలిపినది. డ్రైవరు ఏదో సమాధానము చెప్పి, క్లీనరువైపు చూచెను. ఆ కుర్రవాడు మంట ఆర్పి, గిన్నెపై మూతపెట్టి, తువ్వాలతో మూటగట్టి సీటు వెనుక పదిలపరచెను. జహీరాబాదు దాటిన పిదప తిందుమని చెప్పి వారు బండి కదలించిరి.